ఒక్కరోజు తీసిన మట్టితో సముద్రపు అడుక్కి తీర్పు రాయకండి

తీర ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే సంస్థలకు, వాటిని పరిశీలించి అనుమతులిచ్చే నిపుణుల కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

నమస్కారం.

మీలో కొందరు రాసే, కొందరు చదివే నివేదికల్లోని ఒకే ఒక్క అధ్యాయం గురించి ఈ ఉత్తరం. రేవు విస్తరణ అయినా, పూడికతీత అయినా, వ్యర్థజలాల పైపు అయినా, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు అయినా, నివేదిక తెరిస్తే అడుగు జీవజాలం గురించి నాలుగైదు పేజీలు తప్పకుండా ఉంటాయి. వీలు కుదిరిన నెలలో పడవ వేసుకుని వెళ్తారు. కొన్ని చోట్ల గ్రాబ్ (అడుగుమట్టిని కరిచి పట్టి తెచ్చే ఇనుప దవడ) దించి మట్టి పైకి తీస్తారు. జల్లెడ పట్టి, మిగిలిన పురుగుల్నీ గుల్లల్నీ లెక్కపెడతారు. జాతులు ఎన్ని, ఏ జాతి ఎంత అన్నదాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచిక కట్టి ఒక అంకె వేస్తారు. ఆ తర్వాత ఇంచుమించు అన్ని నివేదికల్లోనూ ఒకే అర్థం వచ్చే మాట ఉంటుంది: ఇక్కడి జీవులు ఒత్తిడికి అలవాటుపడ్డవే, ప్రభావం తాత్కాలికం, పని పూర్తయ్యాక త్వరలోనే కోలుకుంటాయి.

నా అభ్యంతరమంతా ఆ మాట మీదే. అలవాటుపడ్డాయా, ఈసరికే దెబ్బతిని ఉన్నాయా, ముందుముందు కోలుకుంటాయా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు కాలంలో ఉంది. ఒక్కరోజు తీసిన మట్టిలో అది దొరకదు. తక్కువ లోతు సముద్రపు అడుగు ఒత్తిడికి ఎలా స్పందిస్తుందో వందేళ్లకు పైగా జనం చూస్తూ వచ్చారు. 1910ల్లోనే డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ తాను తయారుచేసిన గ్రాబ్‌తో అడుగుమట్టిని కొలిచి, ఏ మట్టిలో ఏ జీవుల గుంపు ఉంటుందో పటం గీశాడు. అప్పట్నుంచి పోగైన తెలివిడిలో పదో వంతు కూడా ఈ నాలుగైదు పేజీల్లోకి దిగడం లేదు.

ముందు ఆ అడుగున జరిగే పని సంగతి చెప్పాలి. తీరానికి దగ్గర్లో మెత్తటి మట్టి ఉన్న చోట ఆక్సిజన్ పైపొరకే పరిమితం. కొన్నిచోట్ల అది మిల్లీమీటర్ల మందమే, కొన్నిచోట్ల కొన్ని సెంటీమీటర్లు. దాని కింద మట్టి బూడిదరంగుకు, ఇంకా లోతుకు పోతే నలుపుకు తిరుగుతుంది. అక్కడి బ్యాక్టీరియా సల్ఫేట్ మీద బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే, చాలా జీవులకు అది విషం. ఈ నల్లమట్టిలోకి పైనుంచి నీటిని తోడి పోసేది బొరియలు తవ్వే జీవులు. పెద్ద పాలీకీట్ పురుగులు (ఒళ్లంతా గట్లూ, పక్కల నూగూ ఉండే సముద్రపు పురుగులు), బొరియ రొయ్యలు, గుల్లలు, మట్టిలో దాక్కునే ముళ్లబంతులు (సీ అర్చిన్లు) ఆ పని చేస్తాయి. బొరియ గోడల వెంట ఆక్సిజన్ తగిలిన చోట అమ్మోనియం నైట్రేట్ అవుతుంది. కొద్ది మిల్లీమీటర్ల అవతల, ఆక్సిజన్ లేని పొరలో, ఆ నైట్రేటు నైట్రోజన్ వాయువుగా మారి నీటిని విడిచి గాలిలో కలుస్తుంది. నదులు మోసుకొచ్చిన ఎరువులో కొంత భాగాన్ని పైసా ఖర్చు లేకుండా వదిలిస్తున్నది ఈ బొరియల గోడలే.

ఇప్పుడు ఆ పెద్ద జీవులు చచ్చిపోయాయనుకోండి. అమ్మోనియం, ఫాస్ఫేట్ మట్టిలోంచి తిరిగి నీటిలోకి వస్తాయి. వాటితో పైన సూక్ష్మశైవలాలు ఇంకా పెరుగుతాయి. అవి చచ్చి అడుక్కి రాలి కుళ్లినప్పుడు మిగిలిన ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది. అమెరికాలోని చెసపీక్ బేలో వేసవికాలంలో ఈ చక్రం తిరగడాన్ని కొలిచి చూపించారు. అంటే బొరియ జీవుల చావు కాలుష్యం వల్ల కలిగిన నష్టం మాత్రమే కాదు, తర్వాతి కాలుష్యానికి కారణం కూడా. షానన్ సూచికకు ఇదేమీ తెలియదు. దాని లెక్కలో అరమీటరు లోతున మట్టి తిరగేసే రొయ్య ఒకటే, పైపొరలో పాకే పిసరంత పురుగూ ఒకటే. అసలు ఆ రొయ్య మీ లెక్కలోకి వచ్చిందో లేదో కూడా అనుమానమే. మామూలు గ్రాబ్ పది పదిహేను సెంటీమీటర్లకు మించి దిగడం అరుదు, ఘోస్ట్ ష్రింప్ అనే బొరియ రొయ్యల బొరియల్లో కొన్ని మీటరు కూడా దాటుతాయి. గ్రాబ్ తగిలేసరికి అది కింది అంతస్తులో ఉంటుంది.

ఇక ఆ అంకె సంగతి. 1966లో స్కాట్లండ్ పడమటి తీరాన ఒక కాగితపు గుజ్జు మిల్లు మొదలై, లాక్ ఈల్, లాక్ లిన్నీ అనే సన్నటి సముద్రపు పాయల్లోకి పీచుతో నిండిన వ్యర్థాలు వదలడం మొదలుపెట్టింది. అదే 1966లో స్వీడన్‌లోని సాల్ట్‌కెల్లె ఫ్యోర్డ్ ఒడ్డున అలాంటి మిల్లే ఒకటి మూతపడింది. ఒకచోట అడుగు చెడిపోతూ ఉంటే టామ్ పియర్సన్ ఏటా కొలిచాడు. రెండోచోట అడుగు తేరుకుంటూ ఉంటే రూట్గర్ రోజెన్‌బర్గ్ కొలిచాడు. ఇద్దరూ తమ లెక్కల్నీ, ఇతరుల లెక్కల్నీ పక్కపక్కన పెట్టి 1978లో ఒక పెద్ద సమీక్ష రాశారు. ఆ సమీక్షలోని రేఖాచిత్రం చూడకుండా ఈ చదువు పూర్తిచేసినవాళ్లు ఎవరూ ఉండరు. మీ నివేదికలు రాసేవాళ్లూ చూసే ఉంటారు.

అందులో ఉన్నది ఇది. సేంద్రియ వ్యర్థం కొద్దిగా పెరిగినప్పుడు జీవులు తగ్గవు, పెరుగుతాయి. పాతవి ఇంకా పోలేదు, కొత్త తిండికి కొత్తవి వచ్చి చేరాయి. జాతుల సంఖ్య కూడా కాస్త పైకి లేస్తుంది. వ్యర్థం ఇంకా పెరిగితే పెద్దవి, లోతుగా తవ్వేవి, ఎక్కువకాలం బతికేవి ముందు పోతాయి. జాతుల సంఖ్య పడిపోతుంది. ఆపైన కొన్ని చిన్న పురుగులు, ముఖ్యంగా కాపిటెల్లా, చదరపు మీటరుకు వేలల్లో కమ్ముకుంటాయి. ఈ దశలో మొత్తం జీవుల లెక్క ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరుతుంది. అదీ దాటితే ఇంకేమీ ఉండదు, నల్లమట్టి మీద తెల్లటి బ్యాక్టీరియా పొర తప్ప.

అంటే జాతులు పెరగడమూ చెడు మొదలైన గుర్తు కావచ్చు, జీవుల సాంద్రత ఎక్కువ ఉండటమూ చివరి మెట్టు గుర్తు కావచ్చు. ఒక్క అంకె చూసి కొండ ఎక్కుతున్నామో దిగుతున్నామో ఎలా చెబుతారు? ‘జీవుల సాంద్రత సంతృప్తికరం’ అన్న వాక్యం చదివినప్పుడల్లా నా చూపు ముందు పట్టికలో పేర్ల మీదికి పోతుంది. అక్కడ సగం వరుసల్లో ‘గుర్తించని పాలీకీట్’ అని ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. కాపిటెల్లా కాపిటాటా అని అంతా ఒకే పేరుతో పిలిచిన పురుగు నిజానికి కనీసం ఆరు జాతుల గుంపని గ్రాసిల్ దంపతులు 1976లోనే తేల్చారు. వాటిలో పిల్లల్ని కనే పద్ధతులు వేరు, వ్యాపించే తీరు వేరు. పేరు సరిగా పెట్టలేనివాళ్లు ఆ పురుగు ఎందుకొచ్చిందో చెప్పగలరని నేను అనుకోను.

ఆక్సిజన్ కొలతల దగ్గరా ఇదే పేచీ. లీటరుకు 2 మిల్లీగ్రాముల గీత పైన ఉంటే చాలన్నట్టు నివేదికలు రాస్తారు. 2008లో వాకేర్-సున్యెర్, దువార్తే అనే పరిశోధకులు రెండు వందలకు పైగా జాతుల మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగుచేసి చూస్తే, ఆ గీత చాలా జాతులకు మరీ కిందనుందని తేలింది. చేపలు, పీతలు, రొయ్యల జాతివి అంతకన్నా చాలా ముందే ఇబ్బంది పడతాయి. గుల్లలు మూతి బిగించుకుని ఎక్కువ సేపు తట్టుకుంటాయి. ఇక కొలిచే వేళ. కాంతి అడుగుదాకా చేరే లోతులేని నీళ్లలో పగలు గడ్డీ, శైవలాలూ ఆక్సిజన్ వదులుతాయి. రాత్రంతా అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే అక్కడ ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది తెల్లవారుజామున. పడవ బయల్దేరేదేమో తెల్లారి, టిఫిన్లయ్యాక. పదకొండు గంటలకు ముంచిన మీటరు మంచి అంకె చూపిస్తే ఆశ్చర్యం ఏముంది?

ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు అడుగున ఏం జరుగుతుందో కళ్లతో చూసినవాళ్లు రాసిన వర్ణనలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. 1983లో ఉత్తర ఏడ్రియాటిక్‌లోని ట్రియెస్టె అఖాతంలో డైవర్లు దిగి చూశారు. ముందు బ్రిటిల్ స్టార్లు (సన్నటి చేతులున్న నక్షత్రాకారపు జీవులు) చేతుల మొన మీద లేచి ఒళ్లు నీటిలోకి ఎత్తుకుంటాయి. మట్టిలో ఉండాల్సిన ముళ్లబంతులు పైకొచ్చి పడుంటాయి. గుల్లలు తమ గొట్టాలను వీలైనంత పైకి చాస్తాయి. పురుగులు బొరియ వదిలి బయట వాలిపోతాయి. కొద్ది రోజుల్లో అక్కడి జీవజాలంలో చాలా భాగం చచ్చింది. ఈ వరుస తర్వాత ఎన్నోచోట్ల కనిపించింది. ఏ జీవి ఏ దశలో పైకొస్తుందో చూసి ఆక్సిజన్ ఎంత పడిపోయిందో అంచనా వేయవచ్చు. దీనికి ఒక కెమెరా చాలు. గ్రాబ్‌కు మాత్రం ఇదేదీ దొరకదు. పైకొచ్చి ఆయాసపడుతున్న పురుగునీ, బొరియలో హాయిగా ఉన్న పురుగునీ అది ఒకే గంపలో వేసి తెస్తుంది.

పైగా ఈ దశలో కొన్నిచోట్ల చేపల వేట బ్రహ్మాండంగా ఉంటుంది. అమెరికాలో అలబామాలోని మొబైల్ బేలో వేసవి తెల్లవారుజాముల్లో కొన్నిసార్లు పీతలు, రొయ్యలు, అడుగున పడుకునే చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వచ్చేస్తాయి. జనం గంపలు పట్టుకుని ఏరుకుంటారు. దానికి అక్కడ జూబిలీ అని పేరు కూడా ఉంది, పండగే మరి. నిజానికి అవి ఆక్సిజన్ లేని అడుగునీటిని తప్పించుకుని అంచుకొచ్చి ఆగినవి. కాబట్టి ‘ఈ ప్రాంతంలో మత్స్య సంపద సమృద్ధిగా ఉంది’ అని ఏదో ఒక నెల లెక్క చూపించినప్పుడు, అది ఏ నెల అని అడగండి.

అలవాటు అన్న మాటకు వస్తాను. అందులో నిజం లేకపోలేదు. నదీముఖాల దగ్గర, కయ్యల్లో ఉప్పు రోజుకు రెండుసార్లు మారుతుంది, ఎండకు నీరు బాగా వేడెక్కుతుంది, అల మట్టిని కలియబెడుతుంది. అక్కడ బతికేవి మొండివే. ఏ కాలుష్యం లేని నదీముఖం కూడా జాతులు తక్కువగా, చిన్న పురుగులు ఎక్కువగా ఉండి, కలుషితమైన చోటులాగే కనిపిస్తుంది. ఈ చిక్కును ఎలియట్, క్వింటినో అనే శాస్త్రవేత్తలు 2007లో విపులంగా చర్చించారు. ఐతే ఆ చర్చ నుంచి నివేదికలు తీసే సారం తలకిందులు: మొండివి కాబట్టి ఇంకొంచెం బరువు పెట్టవచ్చు. ఉప్పు మార్పును తట్టుకునే గుల్ల రాగి లవణాలను తట్టుకుంటుందన్న హామీ ఎక్కడిది? వేడినే తీసుకోండి. నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చల్లని రక్తపు జీవికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. విడివిడిగా తట్టుకునే రెండు ఒత్తిళ్లు కలిసొస్తే కూడిక లెక్క పనిచేయదు. పవర్ ప్లాంటు వేడినీళ్ల నివేదిక వేరు, పక్కనే వ్యర్థజలాల నివేదిక వేరు, రెండూ చెరో బల్ల మీద ఆమోదం పొందుతాయి. మట్టిలోని పురుగుకు రెండూ ఒకేసారి తగులుతాయి.

సహజంగానే ఆక్సిజన్ తగ్గే చోట్లున్నాయి. భారతదేశపు పడమటి తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో లోతునీరు ఖండపు అంచు మీదికి ఎగదన్నుకొచ్చి, వర్షాకాలం చివరికల్లా అడుగునీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన నక్వీ, ఆయన సహచరులు ఆ లేమి తీవ్రమవుతోందని 2000లో చూపించారు. అలాంటిచోట ఏప్రిల్‌లో తీసిన మట్టి ఒక కథ చెబుతుంది, అక్టోబరులో తీసింది ఇంకో కథ. ఏప్రిల్ మట్టిని ‘ముందు’ అనీ, ప్రాజెక్టు అయ్యాక అక్టోబరు మట్టిని ‘తర్వాత’ అనీ పెడితే ప్రాజెక్టు మీద లేని నింద పడుతుంది. తిరగేసి పెడితే ఉన్న నింద మాయమవుతుంది. రెండో రకమే తరచుగా ఎందుకు జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

బయటికి బాగున్న అడుగు లోపల ఎంత గుల్లగా ఉండవచ్చో చూడాలంటే జమైకా దిబ్బల చరిత్ర చదవాలి. 1970ల చివర్లో అక్కడి పగడపు దిబ్బల్లో సగానికి పైగా నేల సజీవ పగడాలతో నిండి ఉండేది. చేపల్ని మాత్రం అప్పటికే దశాబ్దాల తరబడి పట్టేశారు. శైవలాలు మేసే చేపలు దాదాపు లేవు. ఆ పని అంతా డయడెమా అనే పొడుగు ముళ్ల నల్ల ముళ్లబంతి ఒక్కటే చేస్తోంది. 1980లో పెను తుపాను వచ్చి పగడాలను విరగ్గొట్టింది. అయినా కొత్త పగడాలు మొలకెత్తాయి, అంతా సర్దుకుంటుందనే అనిపించింది. 1983లో పనామా దగ్గర మొదలైన ఏదో తెగులు ఏడాది తిరిగేసరికి కరీబియన్ అంతటా ఆ ముళ్లబంతుల్ని తుడిచిపెట్టింది. మేసేవాళ్లు లేక శైవలాలు కమ్మేశాయి. 1990ల మొదటికి జమైకాలో సజీవ పగడం 5 శాతం లోపుకు పడిపోయింది. 1982లో ఒక కమిటీ అక్కడికి వెళ్లి పగడాలు లెక్కపెట్టి ఉంటే ఏం రాసేది? తుపాను తర్వాత బాగా కోలుకుంటోంది అని రాసేది, అంకెలు అబద్ధం కూడా కావు. లెక్కపెట్టాల్సింది మాత్రం ఒకే పనిని ఎన్ని జీవులు చేస్తున్నాయన్నది. ఒక్కటే చేస్తోంటే అది ఎరుపు రంగు గీత గీయాల్సిన విషయం.

కోలుకోవడం గురించి చెప్పడానికి చాలా ఉంది, ఎందుకంటే ‘స్వల్పకాలంలో కోలుకుంటాయి’ అన్న మాటకు ఆధారంగా చూపించేదల్లా తొందరగా తిరిగొచ్చే చిన్న పురుగులే.

1978 మార్చి 16న అమోకో కాడిజ్ అనే ట్యాంకరు ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరాన రాళ్ల మీదికి కొట్టుకొచ్చి, దాదాపు 2 లక్షల 20 వేల టన్నుల ముడిచమురు సముద్రం పాలయింది. అక్కడికి దగ్గర్లోని మోర్లే అఖాతంలో, పియెర్ నువార్ అనే చోట సన్నటి ఇసుక అడుగును అంతకుముందు ఏడాది, 1977లోనే, కొలవడం మొదలుపెట్టి ఉన్నారు. చమురు కోసం కాదు, అది మామూలు పరిశోధన. ఆ ఇసుకలో ఆంపెలిస్కా అనే చిన్న ఆంఫిపాడ్‌లు (రొయ్యల వర్గపు చిన్న జీవులు) గూళ్లు కట్టుకుని ఉండేవి, మిగతా అన్ని జీవుల కన్నా ఎక్కువగా. చమురు తగిలాక అవి దాదాపు కనిపించకుండా పోయాయి. ఇసుకలోంచి చమురు కొన్నేళ్లకు తగ్గిపోయింది. ఆంపెలిస్కాలు మాత్రం మునుపటి స్థాయికి రావడానికి పదేళ్లు దాటింది. కారణం వాటి కాన్పు తీరులో ఉంది. చాలా పురుగులు, గుల్లలు గుడ్లను నీటిలోకి వదిలేస్తాయి, వాటినుంచి వచ్చే పిల్లదశలు, అంటే లార్వాలు, ప్రవాహంతో పాటు కొట్టుకుపోయి దూరాన దిగుతాయి. ఆంఫిపాడ్‌లు పిల్లల్ని పొట్ట కింది సంచిలో పెంచి అక్కడే వదులుతాయి. ఒకచోట తుడిచిపెట్టుకుపోతే, పక్క ఊరి నుంచి రావాల్సిందే, పక్క ఊరు దూరమైతే అంతే సంగతులు. అక్కడ కొలిచిన జాన్-క్లోడ్ డోవాన్, ఆయన సహచరులు ఇదంతా చెప్పగలిగింది ఒకే కారణాన: ఓడ మునగకముందు సంఖ్యలు వాళ్ల చేతిలో ఉన్నాయి, మునిగాక కూడా వాళ్లు ఆపలేదు. ముందటి సంఖ్యలు లేకపోతే 1979లో ఆ ఇసుకను చూసినవాళ్లకు ఆంపెలిస్కా అనేది అక్కడ ఉండాలన్న సంగతే తెలిసేది కాదు.

అమెరికాలోని వర్జీనియా తీరపు లగూన్లది, అంటే ఉప్పునీటి మడుగులది, ఇలాంటిదే ఇంకో కథ. 1930ల్లో తెగులు, దాని మీద 1933 తుపాను కలిసి అక్కడి జోస్టెరా సముద్రపు గడ్డిని పూర్తిగా మాయం చేశాయి. ఆ గడ్డిలో పెరిగే స్కాలప్ గుల్లల వేట కూడా దాంతో పోయింది. దశాబ్దాల పాటు ఆ అడుగు బోడిగానే ఉంది. ఆ నీళ్లలో ఇక గడ్డి పెరగదనుకున్నారు. 1990ల చివర్లో అక్కడక్కడా చిన్న మడులు కనిపించాక పరిశోధకులు గింజలు చల్లడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లలో 7 కోట్లకు పైగా గింజలు చల్లితే గడ్డి తనంతట తాను పాకి దాదాపు 3,600 హెక్టార్లకు చేరింది. నీళ్లు బాగానే ఉన్నాయి, లేనిది గింజ. కాబట్టి ఒకచోట తిరిగొస్తుందా లేదా అన్నది అక్కడి నీటి నాణ్యతతోనే తేలదు. చుట్టుపక్కల ఎవరు మిగిలారు, వాళ్ల పిల్లలు ఎంతదూరం వెళ్లగలరు అన్నది కూడా చూడాలి. ప్రాజెక్టు సరిహద్దు గీసిన పటం లోపలే కొలిచే నివేదికకు ఈ రెండోది ఎప్పటికీ కనిపించదు.

వెనక్కి రానివీ ఉన్నాయి. 2011 మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరాన సముద్రం వేడెక్కి, దాదాపు వంద కిలోమీటర్ల పొడవున కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) అడవి పోయింది. వేడి తగ్గింది, కెల్ప్ రాలేదు. దాని స్థానంలో పొట్టి శైవలాలు పాతుకున్నాయి, వేడినీళ్లతో పాటు దక్షిణానికి దిగిన ఉష్ణమండలపు చేపలు కొత్త మొలకల్ని మేసేశాయి. కారణం తొలగినా ఫలితం మిగిలిపోయిన సందర్భమిది. ‘తాత్కాలిక ఒత్తిడి, తాత్కాలిక ప్రభావం’ అన్న సూత్రాన్ని ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలియదు.

ఒక చిన్న పక్కదారి. 2006లో ఐస్‌లాండ్ దగ్గర అడుగు నుంచి తీసిన ఒక ఆర్క్‌టికా గుల్ల చిప్ప మీద వలయాలు లెక్కపెడితే అది పుట్టింది 1499లో అని తేలింది, అంటే 507 ఏళ్ల వయసు. అన్ని గుల్లలూ అలా ఉండవు. కాని అడుగున ఏడాది బతికేవీ ఉంటాయి, శతాబ్దాలు బతికేవీ ఉంటాయి. నివేదిక పట్టికలో రెండింటికీ ఒక్కో అంకె. గుల్లల పొడవు కొలవడానికి ఒక కాలిపర్ చాలు, ఒక మధ్యాహ్నం చాలు. అన్నీ పిల్లలే ఉంటే ఏదో కారణాన పెద్దలు చచ్చారన్నమాట. అన్నీ ముసలివే ఉంటే ఏళ్లుగా పిల్లలు నిలవడం లేదన్నమాట. ఆ రెండో రకం అడుగు ఇవాళ లెక్కపెడితే నిండుగా కనిపిస్తుంది.

ఇప్పుడు నేను అడిగేవి. మొదటిది, ‘ముందు’ అనేది ఒక్కరోజు కాకూడదు. కనీసం రెండేళ్లు, అన్ని రుతువుల్లో. న్యూజీలండ్‌లోని మనుకావ్ హార్బర్‌లో 1987లో మొదలుపెట్టి రెండు నెలలకోసారి అడుగు జీవుల్ని లెక్కపెడుతూ వచ్చారు. ఎవరి ప్రాజెక్టూ లేకుండానే కొన్ని జాతులు ఏళ్ల వ్యవధిలో పెరిగి తగ్గుతూ ఉండటం అక్కడ కనిపించింది. అలా ఊగే సంఖ్యలో ఏదో ఒక్క బిందువు పట్టుకుని దాన్ని ‘ప్రస్తుత స్థితి’ అనడం ఎవరికి వీలుగా ఉంటుందో ఆలోచించండి. రెండేళ్లు కూడా ఈ లెక్కన తక్కువే, కాని రెండేళ్లన్నా అడగండి.

పోలిక చోటు కూడా ఒక్కటి చాలదు. సిడ్నీ విశ్వవిద్యాలయపు అండర్‌వుడ్ 1990ల్లో పదేపదే రాసింది ఇదే. ప్రాజెక్టు చోటు ఒకటి, దూరంగా ఇంకోటి పెట్టి రెండూ వేరుగా మారాయి అంటే ఏమీ రుజువు కాదు, ఏ రెండు చోట్లైనా వేరుగానే మారతాయి. మూడు నాలుగు పోలిక చోట్లు ఉండి, వాటిలో వాటికున్న తేడా కన్నా ప్రాజెక్టు చోటు ఎక్కువగా విడిపోతేనే మాట. ఇది ఎక్కువ ఖర్చు అంటారు. రేవు కట్టే ఖర్చు పక్కన పెట్టి చూస్తే పడవ అద్దె, జల్లెడ, నాలుగు నెలల సూక్ష్మదర్శిని పని ఏపాటివి? ఆలస్యమవుతుందన్న అభ్యంతరం మాత్రం నిజమే, అవుతుంది. దానికి నా దగ్గర మందు లేదు. ప్రాజెక్టు ఆలోచన పుట్టిన ఏడే కొలవడం మొదలుపెడితే ఆ ఆలస్యం చాలావరకు తగ్గుతుంది, అంతకన్నా చెప్పలేను.

జల్లెడ కన్ను ఎంతో రాయని నివేదికను చదవకుండానే తిప్పి పంపండి. అర మిల్లీమీటరు కన్నుకు దొరికేవాటిలో చాలా భాగం ఒక మిల్లీమీటరు కన్నులోంచి జారిపోతాయి. రెండేళ్ల కింద సన్నకన్ను, ఇప్పుడు పెద్దకన్ను వాడి ‘సంఖ్య తగ్గింది’ అంటే తగ్గింది జల్లెడ వల్ల. ఆక్సిజన్‌కు రాత్రంతా అడుగున ఉండి తనంతట తానే కొలిచి రాసుకునే లాగర్ పెట్టమనండి. మట్టి కోరు (గొట్టం దించి తీసిన మట్టి కడ్డీ) పైనుంచి కిందికి కోసిన ఫోటో ఒకటి అడగండి, గోధుమరంగు ఎంత మందాన ఉంది, నలుపు ఎక్కడ మొదలైంది అన్నది అందులో స్కేలు పెట్టి చూడొచ్చు. పట్టిక కింద ఒక చిన్న పేరా అడగండి: ఇక్కడ లోతుగా తవ్వేవి ఏవి, వాటిలో లార్వాలు వదిలేవి ఏవి, పిల్లల్ని దగ్గరే ఉంచుకునేవి ఏవి. ఆ పేరా రాయలేని సంస్థ కోలుకోవడం గురించి ఒక్క మాట కూడా రాయకూడదు.

చివరిగా సీసాల సంగతి. నివేదిక సమర్పించాక ఆ పురుగుల్ని ఏం చేస్తున్నారు? చాలాచోట్ల పారబోస్తున్నారు. పేరు తప్పుపడిందో లేదో పదేళ్ల తర్వాత సరిచూసుకునే దారి దాంతో మూసుకుపోతుంది. అనుమతి షరతుల్లోనే రాయండి: ప్రతి చోటి నమూనా ఏదైనా మ్యూజియంలోనో విశ్వవిద్యాలయంలోనో జమ కావాలి. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి ఉంచితే చిప్పల సున్నం కరిగిపోతుంది, డీఎన్ఏ పనికిరాకుండా పోతుంది. కాబట్టి ఒక భాగాన్ని మొదట్నుంచీ ఇథనాల్‌లోనే పెట్టాలి. చీటీ సీసా లోపల ఉండాలి, పెన్సిల్‌తో రాసి ఉండాలి. దాని మీద చోటు, తేదీ, లోతు, జల్లెడ కన్ను, పేరు పెట్టినవాళ్ల పేరు ఉండాలి.

ఇట్లు,
అడుగుమట్టి జల్లెడ పట్టే ఒక పరిశోధకురాలు